సగం కోసిన స్పానరు

శరత్ బాబు చెయ్యి పడ్డాక కూడా మొండికేసే కార్బురేటర్ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

ఈ మాట చెప్పింది శరత్ బాబే. గురువారం పొద్దున పదకొండు గంటలకు, మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కనున్న తన రేకుల షెడ్డు ముందర నిలబడి, టీ అంగడి నల్లప్ప వింటుండగా చెప్పాడు. అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. నల్లప్ప ఇచ్చిన టీ గ్లాసును స్టూలు మీద పెట్టి, "ఈ టీ సల్లారే లోపల ఈ బండి గడియారం మాదిరి తిరగతాది, సూస్తా ఉండు నల్లప్పన్నా" అని కూడా అన్నాడు.

పదకొండుంపావుకు టీ చల్లారింది. పదకొండున్నరకు మీగడ కట్టింది. పన్నెండుకు ఒక ఈగ వచ్చి గ్లాసు అంచు మీద కూర్చుని, జరుగుతున్న పనిని కాసేపు చూసి, ఇది ఇప్పట్లో తేలేది కాదని వెళ్లిపోయింది. బండి అప్పటికి పద్నాలుగుసార్లు స్టార్టయి పదిహేనుసార్లు ఆగింది. ఆ లెక్క ఎట్లా కుదిరిందో తెలియదు గానీ, చూసినవాడు నల్లప్ప ఒక్కడే కాబట్టి కాదనేవాళ్లు లేరు.

అది రెండు సిలిండర్ల పాత బండి. దాన్ని తయారుచేసిన కంపెనీ శరత్ పుట్టకముందే మూతపడింది. రెండు సిలిండర్లకు రెండు సైలెన్సర్లు, రెండు కార్బురేటర్లు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే ఆ రెండు డబ్బీలూ ఒకే క్షణంలో ఒకే కొలతగా ఊపిరి తీసుకోవాలి. ఒకటి ముందు, ఇంకొకటి వెనక తీసుకుందంటే, ఒక ఎద్దు పడుకున్న కాడిలాగా బండి ఈడుస్తుంది. ఈ బండిలో ఎడమవైపు డబ్బీ తన పాటికి తను ఊపిరి తీసుకుంటోంది.

రోగం ఎక్కడుందో శరత్‌కు తెలియకపోలేదు. కార్బురేటర్‌ను ఇంజనుకు బిగించిన చోట వేళ్లతో నీళ్లు చిలకరించాడు. చుక్క పడినప్పుడల్లా ఇంజను గొంతు మారింది. అంటే ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. విప్పి చూస్తే మధ్యలో ఉండే అట్ట ప్యాకింగు ఎండిపోయి చిట్లి ఉంది. షెడ్డులో ఎవరిదో పెళ్లిపత్రిక కనిపిస్తే దాన్ని కత్తిరించి కొత్త ప్యాకింగు చేశాడు. పెళ్లికూతురు పేరు ఇంజను వైపుకు, పెళ్లికొడుకు పేరు కార్బురేటర్ వైపుకు వచ్చింది. అంతవరకు పని బాగానే ఉంది.

ఒంటిగంటకు నల్లప్ప అంగడి మూసి భోజనానికి వెళ్లాడు. కార్బురేటర్‌కు అటొక చెవి, ఇటొక చెవి ఉంటాయి. ఆ చెవుల్లోంచి బయటికొచ్చిన బోల్టులకు నట్లు బిగించాలి. శరత్ చేతికి మూరెడు పొడుగు రింగు స్పానరు దొరికింది. మూడు సార్లు తిప్పాడు, బిగిసింది. రెండు గంటలుగా తనను నవ్వులపాలు చేసిన బండి మీద కోపం ఇంకా కొంచెం మిగిలింది. ఆ మిగిలినదాంతో ఇంకొక పావు తిప్పాడు.

టిక్ మంది. వేరుశెనక్కాయ వొలిచినంత చిన్న చప్పుడు.

ఎడమ చెవి నిలువునా పగిలింది.

శరత్ జేబులో తాళాల గుత్తి గుచ్చుకుంది. ఆ గుత్తికి పది నంబరు స్పానరు ఒకటి వేలాడుతుంది. పిడి సగానికి కోసేసి ఉంటుంది. పుంగనూరు మేస్త్రీ ఈశ్వరప్ప దగ్గర పని నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్న ప్రతివాడికీ ఆయన ఇచ్చేది అదే. కోసిన చోట ఆకురాయితో నున్నగా రుద్ది మరీ ఇస్తాడు. కార్బురేటర్ నట్లు దాంతోనే బిగించాలి. పిడి పొట్టిది కాబట్టి పహిల్వాను తిప్పినా కావలసినంతకే బిగిసి ఆగిపోతుంది. "మన కోపం ఇంజనుకు పోకూడదప్పా" అనేవాడు. శరత్ ఆ స్పానరుతో ఈ మూడేళ్లలో సోడా మూతలు తప్ప ఇంకేమీ విప్పలేదు.

ఇంకొకడైతే కూర్చుని తల పట్టుకునేవాడు. శరత్ వేరే రకం. పోయిన నెలలో నల్లప్ప అంగడి గోడ మీద 'ఇచట ఏనుగు పిల్లలు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు రాసి నల్లప్ప ఫోను నంబరు వేసినవాడు అతను. రామకుప్పం నుంచి ఒక రైతు నిజంగానే ఫోను చేసి, "మా రాగి చేన్లోకి ఊరికేనే వస్తాండాయి, అద్దె వద్దు, ఎత్తకపోండి" అన్నాడు. అట్లాంటి బుర్ర పగిలిన చెవిని చూసి ఊరుకోదు. ఎం-సీల్ పిసికి పగులులో కూరాడు. ఎండలో ఆరబెట్టాడు. ఆరాక సైలెన్సరు మసి, గ్రీజు, రోడ్డు దుమ్ము కలిపి పైన పూశాడు. ఎప్పుడో పెట్టిన పాత అతుకులాగా తయారయింది. అంత ఓపిక పొద్దున బండి మీద పెట్టి ఉంటే టీ చల్లారేలోపల కాకపోయినా, ఈగ వెళ్లేలోపలైనా పని అయ్యేది.

నాలుగు గంటలకు బండి యజమాని ముద్దుకృష్ణ వచ్చాడు. ఆయన టమోటా మండీలో వేలం పాడతాడు. ఇరవై ఏళ్లు పాడి పాడి గొంతు అక్కడే నిలిచిపోయింది, ఇంటికొచ్చినా దిగదు. ఇంట్లో గ్యాసు అయిపోయిందని భార్య ఫోను చేస్తే, మండీలో నిలబడి రహస్యంగా 'సిలిండరు పంపిస్తాలే' అన్నాడట. కలికిరి నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు ముగ్గురు మేం దింపేస్తామని ముందుకొచ్చారట. ఆదివారం కుప్పంలో పాత బండ్లవాళ్లంతా కలుస్తున్నారు. ముద్దుకృష్ణ తన బండిని మొదటిసారి తీసుకెళుతున్నాడు. ఆ సంగతి మదనపల్లెలో తెలియనివాళ్లు అప్పుడే పుట్టిన పిల్లలు మాత్రమే.

"అయిందాప్పా?"

"అన్నా, దీన్ని ఇంతకుముందు ఎవరు విప్పినారు?"

"పుంగనూరు ఈశ్వరప్ప. రెణ్ణెల్లయింది. యాల?"

శరత్ కార్బురేటర్‌ను గుడ్డలో పెట్టి చూపించాడు. "నేనేమీ చెప్పనన్నా. నువ్వే సూడు."

ముద్దుకృష్ణ వంగి చూశాడు. "చెవి పగిలుండాది. అతికించినారు."

"మసి కూడా పూసినారు."

"పగలగొట్టి నాకు ఒగ మాట చెప్పకుండా అతికించినాడా?"

"పెద్దాయన గదన్నా. సెయ్యి వణకతాంటాది. పోనీలే" అన్నాడు శరత్.

పోనీలే అన్న ఆ మాట తనకే చాలా గొప్పగా అనిపించింది. ఎవరినీ ఏమీ అనలేదు. ఉన్నది చూపించాడు, పెద్దాయనను క్షమించమన్నాడు. ఇంకో పాత కార్బురేటర్ ఎక్కడైనా వెతుక్కుంటే కథ అయిపోతుంది.

"రేప్పొద్దున ఎనిమిదికి రెడీగా ఉండు" అన్నాడు ముద్దుకృష్ణ. "పుంగనూరుకు పోదాం. నువ్వే సాక్షి."

*

పుంగనూరు బస్టాండు నుంచి సంత వైపు పోయే వీధిలో ఈశ్వరప్ప షెడ్డు ఉంది. ఎదురుగా టిఫిన్ అంగడి. శుక్రవారం పొద్దున ఆ అంగడి ముందు ఎనిమిది మంది దోసెలు తింటున్నారు. ముద్దుకృష్ణ కారు దిగి మొదటి మాట అనేసరికి ఎనిమిది చేతులూ దోసెల మీద ఆగిపోయాయి.

ఈశ్వరప్ప గోనెపట్టా మీద కూర్చుని పెట్రోలును సన్నగా వదిలే ఒక చిన్న ఇత్తడి జెట్టును నోటితో ఊది వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. అరవై ఆరేళ్లు. కళ్లద్దాలకు ఒకవైపు పిడి బదులు ప్లగ్గు వైరు. శరత్‌ను చూసి ముఖమంతా నవ్వాడు.

"ఏమప్పా, బాగుండావా? అమ్మ సంతోషమ్మ బాగుండాదా? ఇంకా మిషన్ ఆస్పత్రిలోనే పని చేస్తాండాదా?"

"ఆఁ మేస్త్రీ" అన్నాడు శరత్.

ఆ తర్వాత ముద్దుకృష్ణ మాట్లాడాడు. మండీలో మొదటి రకం టమోటాలకు పాడే గొంతుతో మాట్లాడాడు. నమ్మి ఇస్తే పగలగొట్టినాడన్నాడు. పగలగొట్టింది కాక దొంగతనంగా అతికించినాడన్నాడు. ముప్పై ఏళ్లు మేస్త్రీ అని పిలిపించుకున్నోడు ఇట్ట చేస్తాడా అని వీధిని అడిగాడు. పూలమ్మే ఆమె బుట్ట దించుకుని నిలబడింది. బస్టాండులో కండక్టరు ఒకడు విజిల్ ఊదబోయి ఆగాడు.

ఈశ్వరప్ప చెవి వెనక చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు. ఆయనకు నాలుగైదేళ్లుగా వినికిడి తగ్గుతోంది. ముద్దుకృష్ణ విషయంలో మాత్రం ఆ చెయ్యి అవసరం లేకపోయింది. తర్వాత కార్బురేటర్ అందుకుని, పగులు మీద బొటనవేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా దించాడు. తన పెట్టెలోంచి సగం కోసిన స్పానరు తీసి, నట్టు కూర్చునే చోట ఆనించి చూశాడు.

"దీంతో బిగిస్తే పగలదే" అన్నాడు తనలో తనే.

ఇప్పుడు అసలు సంగతి పట్టేస్తాడనుకున్నాడు శరత్. ఈశ్వరప్ప స్పానరును కింద పెట్టి తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఆ దినం పెద్ద స్పానరు ఎత్తుకున్నానేమో. గ్యాపకం రాలా. ఈ అతుకు ఎప్పుడు పెట్టినానో అది కూడా గ్యాపకం రాలా" అన్నాడు. "ఇది నా చేతిపనే అయ్యుంటాదప్పా. నీకు వేరేది ఇస్తా."

షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఆయన సొంత బండి ఉంది. ముద్దుకృష్ణదీ అదీ ఒకే కంపెనీవి, ఒకే ఏటివి. జత తప్పకూడదని ఈశ్వరప్ప దాని రెండు కార్బురేటర్లనూ విప్పడం మొదలుపెట్టాడు. లోపలినుంచి ఆయన భార్య అమరావతి వచ్చింది.

"అవి ఇచ్చేస్తే నీ బండి ఎట్ట?"

ఈశ్వరప్పకు వినపడలేదు.

"ఆదివారం కుప్పం పోతానని కొత్త చొక్కా కుట్టించుకుంటివే. దాన్నేం చేసేది?"

అదీ వినపడలేదు. అమరావతి శరత్ వైపు తిరిగింది. "చూడప్పా. సరుకులు తెమ్మంటే ఇనపడదు. సంకటి దించినానని పొయ్యి కాడ గొణిగితే వీధి చివరుండి ఇనపడతాది. ఈ మనిషి చెవుల్ని ఏ డాక్టరు కనుక్కోవాల."

శరత్ నవ్వడానికి ప్రయత్నించాడు. లోపల గోడకు మేకు మీద బూడిదరంగు చొక్కా వేలాడుతోంది. ఇంకా మడత నలగలేదు.

ముద్దుకృష్ణ చెడ్డమనిషి కాదు. తప్పు ఒప్పుకున్నాక గొంతు కొంచెం తగ్గింది, అంటే టిఫిన్ అంగడి వరకే వినపడేంత. పాత బనియను గుడ్డలో చుట్టిన కార్బురేటర్లను అందుకుని, "ఏదో, ముందే చెప్పుంటే సరిపోతా ఉన్నింది" అన్నాడు. వాళ్లు కారెక్కుతుంటే టిఫిన్ అంగడి ముందునుంచి ఒకాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. రిపేరుకని షెడ్డు పక్కన నిలిపిన తన మోపెడ్ స్టాండు తీశాడు.

"రేపొస్తాలే ఈశ్వరప్పా, ఈ దినం రొంత పనుండాది" అంటూ దాన్ని తోసుకుంటూ వెళ్లాడు.

అది పెట్రోలు కూడా లేని బండి. తోసుకుంటూనే వీధి మలుపు తిరిగాడు. మదనపల్లె వచ్చేదాకా శరత్‌కు ఆ మోపెడ్ చైను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

*

శనివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా శరత్ ఈశ్వరప్ప కార్బురేటర్లను ముద్దుకృష్ణ బండికి అమర్చి, విప్పి, మళ్లీ అమర్చాడు. కొత్త ప్యాకింగులు కోశాడు. లోపల పెట్రోలు మట్టాన్ని ఆపే ఫ్లోట్లు చూశాడు, జెట్లు కడిగాడు. దొంగగాలి లేదు. అయినా రెండూ ఒకేసారి ఊపిరి తీసుకోవు. ఎడమది సరిచేస్తే కుడిది ఎగుస్తుంది, కుడిదాన్ని అణిస్తే ఎడమది చస్తుంది. నల్లప్ప టీ తెచ్చాడు గానీ, స్టూలు మీద పెట్టకుండా చేతికే ఇచ్చి, "ఏడిగా ఉండంగానే తాగుప్పా" అన్నాడు. ముద్దుకృష్ణ గంటకొకసారి ఫోను చేశాడు. ఫోను షెడ్డులో మోగితే మాటలు రోడ్డు అవతలికి వినపడ్డాయి.

రెండు గంటలకు శరత్ బండిని సామాన్ల ఆటోలోకి ఎక్కించి పుంగనూరు తీసుకెళ్లాడు.

ఈశ్వరప్ప షెడ్డు ముందు ఒక్క బండి కూడా లేదు. మామూలుగా శనివారం నాడు అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఆయన గోనెపట్టా మీద కూర్చుని, ఒక పాత ఇంజను మూతకున్న నట్టును బిగించి, విప్పి, మళ్లీ బిగిస్తున్నాడు.

"నిన్నట్నుంచి అదే పని" అంది అమరావతి మెల్లగా. "నిద్ర లేదు. ఆ ఒగ నట్టు పట్టుకోనుండాడు."

శరత్ సంగతి చెప్పాడు. ఈశ్వరప్ప లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"నేను చెప్తా. నువ్వు చెయ్యి."

"మీరే సూడండి మేస్త్రీ. మీ చేతికైతే రెండు నిమిషాలు."

"వద్దప్పా. నా చేతిని నేనే నమ్మలా. ఇంగ బిన్నా మొదలుపెట్టు, పొద్దు పోతాంది."

ఎత్తిపొడుస్తున్నాడేమోనని శరత్ ముఖంలోకి చూశాడు. ఎత్తిపొడుపు లేదు. అదే ఇబ్బందిగా ఉంది.

"రెండు మూతుల్లోకీ చెరొక వేలు పెట్టు. ఇప్పుడు యాక్సిలేటర్ రొంత తిప్పు. లోపల స్లైడు లేస్తాదే, అది రెండు వేళ్లకీ ఒగే తూరి తెలియాల."

శరత్ వేళ్లు పెట్టాడు. ఎడమ వేలుకు ముందు తెలిసింది, కుడి వేలుకు వెంట్రుకవాసి ఆలస్యంగా.

"కుడి కేబులు అర చుట్టు బిగించు. ఇప్పుడు?"

"ఇంకా రొంత."

"పావు."

ఇప్పుడు రెండూ ఒకేసారి లేచాయి. తర్వాత ఒక ప్లగ్గు వైరు తీయించి బండిని ఒంటి సిలిండరు మీద నడిపించాడు. గాలి కొలత చూసే ఎయిర్ స్క్రూను పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పమన్నాడు. అక్కణ్నుంచి ఇంజను నిమ్మళంగా ఊపిరి తీసుకునేదాకా పిసరు అటు, పిసరు ఇటు. రెండోదానికీ అంతే. ఆ తర్వాత రెండు వైర్లూ తగిలించమని, తను బండి వెనక్కి పోయి గొంతుక్కూర్చున్నాడు. రెండు సైలెన్సర్ల నోళ్లకూ నాలుగు వేళ్ల దూరంలో రెండు అరచేతులూ పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"శబ్దం ఇప్పుడు నాకు సరిగా తెలియదప్పా. ఊపిరి తెలస్తాది" అన్నాడు. "ఎడమది రొంత వేడిగా వస్తాండాది. దాని స్క్రూ చీమంత వెనక్కి."

శరత్ చీమంత తిప్పాడు. ఈశ్వరప్ప తల అడ్డంగా ఊపాడు. "అది గండుచీమ. మామూలు చీమ చాలు."

తిప్పినదాంట్లో సగం మళ్లీ ముందుకు తిప్పాడు. బండి గొంతు మారింది. ఇన్నాళ్లూ రెండుగా ఉన్న చప్పుడు ఒకటైంది. వీధిలో ఒక చక్కర్ కొట్టించి ప్లగ్గు విప్పి చూపిస్తే ఈశ్వరప్ప అద్దాలు పైకి నెట్టుకున్నాడు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ.

"రాగిసంకటి రంగు" అన్నాడు. ఆయన ఇచ్చే పెద్ద మెప్పు అదే. "ఇంగ నట్లు ఒగసారి ఆఖరిగా చూసుకో. యాడ, నీ స్పానరు?"

శరత్ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. ఈశ్వరప్ప ఆ సగం స్పానరును చేతిలోకి తీసుకున్నాడు. దాని నోటి అంచుల నిండా సోడా మూతలు కొరికిన గీతలు. లోపలివైపు మాత్రం కొత్తదిలాగా మెరుస్తోంది. ఒక్క నట్టు కూడా ఎరగని మెరుపు. బొటనవేలుతో ఆ గీతలను తడిమాడు.

"బాగానే వాడినావే" అని తిరిగి ఇచ్చాడు.

శరత్ నట్లు బిగించాడు. స్పానరు కావలసిన చోట ఆగింది. ఇంకొంచెం తిప్పుదామన్నా తిరగలేదు.

చేతులు తుడుచుకుంటుంటే ఈశ్వరప్ప తన పనిముట్ల పెట్టెను కాలితో ముందుకు నెట్టాడు. ఆకుపచ్చ రేకు పెట్టె. ఇక్కడ పని నేర్చుకున్న నాలుగేళ్లు శరత్ రోజూ సాయంత్రం దాన్ని తుడిచి మూత పెట్టినవాడే.

"ఇది నువ్వు ఎత్తకపో. సోమారం నుంచి నేను తెరవను."

"యాల మేస్త్రీ?"

"పగలగొట్టడం ఒగ ఎత్తు. ఎవురైనా పగలగొడతారు. పగలగొట్టి, అతికించి, మసి పూసి, అది చేసినట్టు కూడా గ్యాపకం లేకుండా పోయిందే. రేపు ఎవురి బ్రేకో అట్ట చేస్తే? ఎవురి బిడ్డో ఆ బండి మీద ఉంటే?"

శరత్ దగ్గర దేనికైనా ఒక జోకు ఉంటుంది. చర్చిలో పాస్టరు గారి మైకు ఆగిపోయినప్పుడూ ఉంది, నల్లప్ప సిలిండరు అంటుకున్నప్పుడూ ఉంది. ఇప్పుడు వెతికితే ఒకటి కూడా దొరకలేదు. నోరు తెరిచాడు. అప్పుడే ముద్దుకృష్ణ ఫోను వచ్చింది.

"రేపు వాపసు వచ్చేటప్పుడు ఎత్తకపోతా మేస్త్రీ" అన్నాడు పెట్టెను చూడకుండా.

*

ఆదివారం బండి కుప్పం దాకా ఒక్కసారి కూడా దగ్గలేదు. పలమనేరు దాటాక ముద్దుకృష్ణ ఎంత సంతోషంగా ఉన్నాడంటే, వెనక కూర్చున్న శరత్‌తో రహస్యంగా మాట్లాడాడు, రోడ్డు పక్క మేకలు చెదిరిపోయాయి. వి.కోట తర్వాత 'ఏనుగులు తిరుగు ప్రదేశము' అని బోర్డు వచ్చింది. శరత్‌కు దాని మీద కూడా ఏమీ తోచలేదు.

కుప్పంలో స్కూలు గ్రౌండు నిండా పాత బండ్లు. ముద్దుకృష్ణ బండిని స్టాండు వేసి వదిలేస్తే, ఇంజను ఒక్క లయలో, పడుకున్న పిల్లిలాగా గురగురమంటూ నిలబడింది. జనం చుట్టూ చేరారు. రామచంద్ర అని కుప్పంలో టైలరు అంగడి పెట్టుకున్న ముసలాయన వంగి విని, వెనక్కి వెళ్లి సైలెన్సర్ల దగ్గర అరచేతులు పెట్టి చూసి లేచాడు.

"ఇది ఈశ్వరప్ప చేతి పని. యాడ ఆయన? ఈ తూరి రాలేదే? నేను కుట్టిచ్చిన చొక్కా ఏసుకోని వస్తాననె."

"ఆయన పని అయిపోయిందప్పా" అన్నాడు ముద్దుకృష్ణ, గ్రౌండు గ్రౌండంతటికీ. కథ మొత్తం చెప్పాడు. పగిలిన చెవి, అతుకు, మసి. చెబుతుంటే ఆయన గొంతులో కోపం కూడా లేదు, జాలి ఉంది. "ఇది చేసింది మా మదనపల్లె పిల్లోడు. శరత్ బాబు. ఇట్ట రాప్పా."

చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీశారు. రామచంద్ర మాత్రం చప్పట్లు కొట్టలేదు. శరత్ చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూశాడు, కొలత తీసుకునేవాడిలాగా. వదిలేసి, తన బండి దగ్గరికి పోయి సీటు తుడుచుకోసాగాడు. ఆ సీటు శుభ్రంగానే ఉంది.

ముద్దుకృష్ణ బిర్యానీ పొట్లం తెచ్చిస్తే శరత్ విప్పలేదు.

"అన్నా, పోయేటప్పుడు పుంగనూరులో రొంత ఆపు."

"పెట్టె ఎత్తుకోవాలంటివే, దానికా?"

"ఆపన్నా" అన్నాడు శరత్.

*

సాయంత్రం అయిదింటికి పుంగనూరు వీధిలో బజ్జీలు వేస్తున్నారు. టిఫిన్ అంగడి ముందు పదిమందికి పైగా ఉన్నారు. పూలమ్మే ఆమె ఉంది. మోపెడ్ ఆయన కూడా ఉన్నాడు. ముద్దుకృష్ణ బండి పార్కు చేసి బజ్జీల వైపు వెళ్లాడు. శరత్‌కు అది మంచిదే అనిపించింది. ఈ పని ఇద్దరి మధ్యలోనే అయిపోతే బాగుంటుంది.

ఆకుపచ్చ పెట్టె గడప దగ్గర సిద్ధంగా ఉంది. పైన తుడిచి ఉంది. ఈశ్వరప్ప పక్కన పీట మీద కూర్చున్నాడు.

శరత్ ఆయన ముందు గొంతుక్కూర్చుని, నేలను చూస్తూ అన్నాడు. "మేస్త్రీ, ఆ చెవి పగలగొట్టింది మీరు కాదు. నేను."

ఈశ్వరప్ప చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంది?"

శరత్ అటూ ఇటూ చూశాడు. "గురువారం పగలగొట్టినాను మేస్త్రీ. పెద్ద స్పానరుతో బిగించినా. ఎం-సీల్ పెట్టింది నేనే. మసి పూసింది నేనే."

అప్పటికి ముద్దుకృష్ణ బజ్జీల పొట్లంతో గడపకు వచ్చాడు. ఆయన నోటి దగ్గరికి పోతున్న బజ్జీ అక్కడే ఆగింది.

"ఇనపడలాప్పా" అన్నాడు ఈశ్వరప్ప. "రొంత గట్టిగా చెప్పు."

శరత్ లేచి నిలబడ్డాడు. పొద్దున లేస్తే గొప్పలు చెప్పుకోవడానికి ఎంతైనా లేచే గొంతును సవరించుకున్నాడు. కళ్లు మూసుకుని అరిచాడు.

"కార్బేటరు పగలగొట్టింది ఈశ్వరప్ప మేస్త్రీ కాదు. నేను. సంతోషమ్మ కొడుకు శరత్ బాబు. నాకు పని రాక పగలగొట్టినా. అతికించి మేస్త్రీ మీద పెట్టినా. నిన్న బండిని నిలబెట్టింది కూడా నేను కాదు, ఆయనే. నేను స్క్రూలు తిప్పినా అంతే."

బస్టాండులో కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఇటు తిరిగి ఉన్నాడు. గోడ పక్కనున్న మోపెడ్ ఆయన వంగి తన చెప్పు సరిచేసుకున్నాడు, చాలాసేపు.

ముద్దుకృష్ణ గడప దాటి లోపలికి వచ్చాడు. శరత్‌ను కొడతాడేమో అనిపించింది. కొట్టలేదు. ఈశ్వరప్ప వైపు వంగి, తల దించుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడో పక్కనే నిలబడ్డ శరత్‌కు కూడా వినపడలేదు. ముద్దుకృష్ణ పెదవులు కదలడం, గొంతు రాకపోవడం మదనపల్లె మండీ పుట్టాక అదే మొదటిసారి.

"సరేలేప్పా. ఉండేదే" అన్నాడు ఈశ్వరప్ప ఆయనతో.

శరత్ తలెత్తాడు.

"మేస్త్రీ, అది మీకు ఇనపడిందా?"

"ఇనపడింది."

"మరి నేను మొదటి తూరి చెప్పింది?"

"అదీ ఇనపడింది."

"మరి మూడు తూర్లు యాల చెప్పించినారు?"

ఈశ్వరప్ప తన కుడి అరచెయ్యి వైపు ఒకసారి చూసుకున్నాడు. చెయ్యి చాచి, గడప దగ్గరున్న ఆకుపచ్చ పెట్టెను తన వైపుకు లాక్కున్నాడు. మూత తీసి లోపలినుంచి సగం కోసిన స్పానరు అందుకున్నాడు.

"శుక్రవారం ఆయప్ప అన్నది బస్టాండు దాకా పోయిందప్పా. నువ్వు మొదట చెప్పింది ఈ గడప కూడా దాటలా" అన్నాడు. "ఇంగ పోయి ఆ కార్బేటర్లు రెండూ విప్పకరా. నా బండికి పెట్టుకోవాల. విప్పేది నువ్వు. బిగించేది నేను."